ఒక్క ముద్రకు ఇంకెంత దూరం?

తడలో రోడ్డెక్కితే చెన్నై నూరు కిలోమీటర్ల లోపే. కానీ గల్ఫ్‌కు పోయే మన పిల్లవాడి డిగ్రీ పట్టాకు అక్కడ మొదటి ముద్ర పడదు. పట్టా ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్ర అధికారులే ముందు ధ్రువీకరించాలి. ఆ తర్వాతే విదేశాంగ శాఖ. మన సచివాలయమేమో వెలగపూడిలో. తడ నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాటే!

హేగ్ ఒప్పందం మన దేశంలో 2005లో అమల్లోకి వచ్చింది. సభ్యదేశాలకు అపోస్టిల్ ముద్ర చాలు, ఎంబసీకి పోనక్కర్లేదు. కానీ సీమ జనం పొట్ట చేతబట్టుకుని పోయే కువైట్ అందులో లేదు. అక్కడికి ఎంబసీ ముద్ర కూడా కావాలి. మెట్టుమెట్టుకూ ఏజెంటు చెయ్యి చాపుతాడు.

ఆన్‌లైన్‌లో ఈ-సనద్ ఉంది కదా అంటారేమో! పట్టా ఇచ్చిన సంస్థ రికార్డులు అందులో ఉంటేనే అది పనికొచ్చేది. పాత కాగితం పట్టుకున్నవాడి గతేమిటి?

ముద్ర వేసే ఉద్యోగి మీద మాకు కోపం లేదు. మా కోపం దూరం మీద. రాజధానో హైకోర్టో సీమ కోరుకోవచ్చని 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. 1953లో కర్నూలుకొచ్చిన రాజధాని 1956లో హైదరాబాద్ పోయింది. 2014 తర్వాత కృష్ణా ఒడ్డు చేరింది. ఎటు జరిగినా బస్సు చార్జీ సీమ బిడ్డదే! 2022లో తడను నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. బోర్డు మారింది, దూరం మారిందా?

తిరుపతిలో ధ్రువీకరణ కౌంటర్ తెరవండి. ఇది మేం ఇవాళ అడిగేది. రేపు అడిగేది మాత్రం కౌంటర్ కాదు, రాష్ట్రం. విద్యార్థులారా, ఉద్యోగులారా, కదలండి!