ఒరిజినల్ అడాప్టర్ ఉందా? అయితే ముందు దాన్ని పక్కన పెట్టండి

రెట్రో కంప్యూటర్ల వీడియోలు చూసి చూసి మనలో చాలామందికి ఇప్పుడు ఒక కమోడోర్ 64 కొనాలనిపిస్తోంది. తప్పేం లేదు, నాకూ అదే పిచ్చి. అయితే అమ్మేవాళ్ల ప్రకటనల్లో ఒక మాట తెగ కనిపిస్తుంది: "ఒరిజినల్ పవర్ సప్లైతో సహా". అది ఉందని రేటు కూడా కాస్త ఎక్కువే చెప్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ ఒరిజినల్ అడాప్టర్‌ని షోకేస్‌లో పెట్టుకోండి. కంప్యూటర్‌కి మాత్రం తగిలించకండి.

ఎందుకో చెప్తాను. కమోడోర్ 64 వచ్చింది 1982లో. 64 కేబీ మెమరీ, దాదాపు 1 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. దాని అడాప్టర్ నుంచి రెండు రకాల కరెంటు వస్తుంది: 5 వోల్టుల డీసీ ఒకటి, 9 వోల్టుల ఏసీ ఒకటి. ఆ 5 వోల్టుల్ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ ఉండేది కంప్యూటర్‌లో కాదు, అడాప్టర్ లోపలే. చాలా మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్‌నీ రెగ్యులేటర్‌నీ ఒకే డబ్బాలో పెట్టి, పైనుంచి ఎపాక్సీ పోసేశారు. అది గట్టిపడ్డాక అక్షరాలా ఇటుకే. లోపలి వేడి సరిగా బయటికి పోదు. విప్పి చూద్దామంటే విప్పడానికేమీ ఉండదు.

నలభై ఏళ్ల తర్వాత ఆ రెగ్యులేటర్ చెడిపోయి ఊరికే ఆగిపోతే బాధ లేదు. సమస్య ఏంటంటే, చాలాసార్లు అది ఆగదు, వోల్టేజ్ పైకి లేస్తుంది. 5 రావాల్సిన చోట 6, 7, ఒక్కోసారి ఇంకా పైన. బోర్డు మీదున్న చిప్‌లు మామూలుగా పనిచేయాల్సింది 5.25 వోల్టుల లోపే. 7 దాటితే చాలావాటికి చావే. ముందుగా పోయేవి తరచుగా ర్యామ్ చిప్‌లు. స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, బోర్డు మీద వేలు పెడితే ఒకటి రెండు చిప్‌లు చుర్రుమంటాయి. ర్యామ్ అయితే వెతికితే దొరుకుతుంది. సౌండ్ ఇచ్చే సిడ్ చిప్ పోతే? దాన్ని తయారు చేసే ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఇంకో కమోడోర్‌ని విప్పి అందులోంచి తీయాలి, లేదా నకలు చిప్‌తో సరిపెట్టుకోవాలి.

మన ఫోన్ చార్జర్ ఎంత మర్యాదస్తురాలో ఇలాంటప్పుడే తెలుస్తుంది. పవర్ డెలివరీ ఉన్న యూఎస్‌బీ సీ చార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోన్ అడిగితేనే 9కో ఇంకా పైకో వెళ్తుంది. 1982 నాటి ఇటుకకి అడగడం, ఆగడం రెండూ తెలియవు.

"మల్టీమీటర్ పెట్టి చూశా బ్రో, 5.1 చూపిస్తోంది" అనేవాళ్లు ఉంటారు. మంచిదే. కానీ అది ఆ నిమిషం లెక్క. గంట సేపు గేమ్ ఆడాక, ఇటుక వేడెక్కాక ఎంత చూపిస్తుందో ఆ రీడింగ్ చెప్పదు. పాత అంబాసిడర్‌ని రిస్టోర్ చేసేవాళ్లు కూడా రోడ్డెక్కేటప్పుడు 1970ల టైర్లతో ఎక్కరు కదా. అప్పుడెవరూ "ఒరిజినాలిటీ పోయింది" అనరు.

మరి ఫోన్ చార్జర్‌తోనే నడిపేద్దామా? కుదరదు. 5 వోల్టుల వరకు ఓకే, కానీ ఆ 9 వోల్టుల ఏసీ ఏ ఫోన్ చార్జరూ ఇవ్వదు. అది లేకపోతే చాలా బోర్డుల్లో బొమ్మ కూడా రాదు. అందుకే కొత్తగా కట్టే సప్లైల్లో 5 వోల్టులకి మంచి స్విచింగ్ మాడ్యూల్, ఏసీకి చిన్న ట్రాన్స్‌ఫార్మర్, మధ్యలో వోల్టేజ్ హద్దు దాటితే కట్ చేసే సర్క్యూట్ పెడతారు. నేనైతే ఆ కటాఫ్ లేని సప్లైని ఎంత చవకైనా కొనను.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో తెచ్చిన మెషీన్ అయితే ఇంకో జాగ్రత్త. అక్కడి అడాప్టర్ 120 వోల్టులది, మన గోడ సాకెట్‌లో వచ్చేది 230. స్టెప్‌డౌన్ పెట్టినా 60 హెర్ట్జ్ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్‌తో మరింత వేడెక్కుతుంది. దాన్ని అక్కడే వదిలేసి రమ్మనండి, లగేజీ బరువైనా తగ్గుతుంది.

అదే ఏడాది వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ తీరు వేరు. అందులో 5 వోల్టుల రెగ్యులేటర్ కంప్యూటర్ లోపలే ఉంటుంది, 7805 రకం. మన హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే చాయ్ ఖర్చుకే ఒకటి వస్తుంది. కాకపోతే దాని 9 వోల్టుల ప్లగ్‌లో మధ్య పిన్ నెగెటివ్. ఇప్పుడు మార్కెట్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్య పిన్ పాజిటివ్‌వే. "సైజు సరిపోయింది కదా" అని గుచ్చితే కథ అక్కడితో ముగిసినట్టే.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. కమోడోర్ 64 ప్రోగ్రామర్స్ రిఫరెన్స్ గైడ్ చివర్లో మొత్తం సర్క్యూట్ బొమ్మ అచ్చు వేసి ఇచ్చారు. మామూలు కస్టమర్ కొనుక్కునే పుస్తకంలో! అంత ఉదారంగా ఉన్న కంపెనీయే, చెడిపోతే మిగతావన్నీ తగలబెట్టే ఆ ఒక్క డబ్బాలో మాత్రం ఎపాక్సీ పోసింది. ఫోన్ బ్యాటరీలని జిగురుతో అతికించడం ఈ కాలపు రోగం అనుకుంటాం. మనం ఫోన్ రివ్యూల్లో కెమెరాకి నాలుగు పేరాలు రాసి, బ్యాటరీ ఎలా ఊడొస్తుందో ఒక్క లైనూ రాయకపోతే కంపెనీలకి భయమెందుకు?

ఇక బీబీసీ మైక్రో. ఇది మనకి పరాయిది కాదు. 1984-85లో మొదలైన క్లాస్ ప్రాజెక్ట్ కింద మన దేశంలో స్కూళ్లకి ఈ మెషీన్లే ఇచ్చారు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ లైసెన్స్ మీద వీటిని ఇక్కడే తయారు చేసింది కూడా. ఏ పాత హైస్కూల్ స్టోర్‌రూమ్‌లోనో, విరిగిన బల్లల వెనక ఇంకా ఒకటి ఉండొచ్చు. దొరికితే "పనిచేస్తుందా చూద్దాం" అని స్విచ్ వేయకండి, దండం పెడతాను. దీని పవర్ సప్లై లోపలే ఉంటుంది. అందులో మెయిన్స్ వైపు రీఫా బ్రాండ్ పేపర్ కెపాసిటర్లు ఉండే అవకాశం ఎక్కువ. వాటి పారదర్శకమైన తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది, తేమ లోపలికి పోతుంది. స్విచ్ వేసిన కాసేపటికి ఢాంమని పేలి, గదంతా కంపు పొగ. బోర్డుకి సాధారణంగా ఏమీ కాదు, కానీ కొత్తవాళ్లు ఆ పొగకి హడలిపోయి మెషీన్‌నే స్క్రాప్‌కి వేసేస్తారు. అక్కడే ప్రాణం పోతుంది నాకు.

వాటి బదులు ఎక్స్2 రకం పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు వేస్తే చాలు, పావుగంట పని. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: ప్లగ్ పీకేసినా అందులోని పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు. సోల్డరింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఆ డబ్బా మూత తీయకండి. వీధి చివర టీవీ రిపేర్ షాపులో పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి, ఇలాంటివి ఆయన చేతికి అలవాటే.