మ్యూట్ చేసిన తరగతి గది

హేతువాద మిత్రులు నలుగురు కూర్చున్నచోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ప్రతి పిల్లవాడి చేతికీ ఒక ట్యాబ్, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేస్తే చాలు, మూఢనమ్మకాలు వాటంతటవే పోతాయి" అని. అనేవాళ్ళు మంచివాళ్ళే. తాయెత్తు కట్టుకోరు, ముహూర్తం చూడరు. కానీ ఈ ఒక్క మాట దగ్గర మాత్రం రుజువు అడగరు. తాయెత్తు కడితే జ్వరం తగ్గిందన్నవాడిని "కట్టనివాడికి తగ్గలేదా?" అని నిలదీస్తాం కదా! ట్యాబ్ ఇస్తే చదువు వస్తుందన్నవాడిని "ఇవ్వనివాడికి రాలేదా? ఇచ్చినవాడికి ఎంత వచ్చింది?" అని ఎందుకు నిలదీయం?

ఈ ప్రశ్న వేసి చూడటానికి కోల్‌కతా మంచి చోటు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఇంటర్నెట్‌లో కలిసి పనిచేసే వేదికలన్నీ, గూగుల్ క్లాస్‌రూమ్ దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపు దాకా, అక్కడ ఒక్కసారిగా అందరి నెత్తినా పడ్డాయి. ఉపాధ్యాయుడూ విద్యార్థులూ కలిసి ఆలోచించడం అంటే ఏమిటో దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట, కరెంటు దీపం కూడా లేని రోజుల్లో, చేసి చూపించిందీ ఆ నగరమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఈ మధ్య సంగతి. కరోనా మూలంగా 2020 మార్చిలో పశ్చిమ బెంగాల్ బడులు మూతపడ్డాయి. పెద్ద తరగతులు మధ్యలో కొన్ని వారాలు తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి. ప్రాథమిక పాఠశాలల పిల్లలు మళ్ళీ బడి గడప తొక్కింది 2022 ఫిబ్రవరిలో. అంటే దాదాపు రెండేళ్ళు! ఒకటో తరగతిలో చేరి మూసేసిన పిల్లవాడు మూడో తరగతిలో కూర్చునే వయసుకు వచ్చాడు. డబ్బున్న ఇంగ్లీషు మీడియం బడులు నెల తిరక్కుండా జూమ్‌లోకి మారాయి. ప్రభుత్వ బడుల పిల్లలకు టీవీ పాఠాలు, వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు దిక్కయ్యాయి. 2020 డిసెంబరులో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ 12వ తరగతి పిల్లలందరికీ ట్యాబ్‌లు ఇస్తామన్నారు. అన్ని లక్షల ట్యాబ్‌లు ఒకేసారి దొరకవని తేలాక, ట్యాబ్ బదులు తలకు 10,000 రూపాయలు బ్యాంకు ఖాతాల్లో వేశారు. 'తరుణేర్ స్వప్న' పేరుతో ఆ పథకం తర్వాతా నడిచింది. బడులు తెరుచుకున్నాక కూడా! 2024లో ఏమైంది? పిల్లల ఖాతా వివరాలు ఎక్కించే పోర్టల్‌లో నంబర్లు మారిపోయి, వందల మంది విద్యార్థుల డబ్బు ఎవరెవరి ఖాతాల్లోకో వెళ్ళిపోయింది. దర్యాప్తులు, అరెస్టులు. చదువు కోసం పెట్టిన వేదిక మీద అందరికంటే చురుగ్గా 'కలిసి పనిచేసినది' దొంగలే అనుకోవాలి.

పరికరం అందినవారి సంగతి, అందనివారి సంగతి చాలామంది రాశారు. 2021 'అసర్' సర్వే ప్రకారం దేశంలో బడిలో చేరిన పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ ఉన్న ఇళ్ళలోనే నాలుగో వంతు పిల్లలకు అది చేతికి దొరకదు. నాన్న పనికి తీసుకుపోతాడు, లేదా అన్న పట్టుకుని కూర్చుంటాడు. అదే ఏడాది జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేడా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల్లో చేసిన సర్వేలో, పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్న పిల్లలు 8 శాతం మాత్రమే. పేదరికం మాట నిజం. దాన్ని ఎవరూ కాదనరు. కానీ నేను ఇక్కడ చెప్పదలచుకున్నది అది కాదు. అన్నీ ఉన్న పిల్లవాడికి ఏమి దొరికింది?

ఆ రెండేళ్ళలో ఆన్‌లైన్ తరగతి చూసిన ప్రతి తల్లిదండ్రికీ గుర్తున్న మాట ఒకటుంది. "అందరూ మ్యూట్‌లో పెట్టుకోండి." యాభై చిన్న చిన్న డబ్బాలు, అందులో యాభై మూసిన నోళ్ళు. మాస్టారు గంటసేపు చెబుతారు. చివర్లో "డౌట్స్ ఉన్నాయా?" అంటారు. నిశ్శబ్దం. "సరే, రేపు కలుద్దాం." పురాణ కాలక్షేపంలోనైనా శ్రోత మధ్యలో లేచి ఒక సందేహం అడగవచ్చు! వాట్సాప్ గ్రూపు ఇంకా చిత్రం. "అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు" అనే మీట ఒకటి 2018లో వచ్చింది. తరగతి గ్రూపుల్లో చాలాచోట్ల అది నొక్కేసే ఉంటుంది. నొక్కకపోతే పిల్లలు గోల చేస్తారట. (నొక్కని గ్రూపుల్లో శుభోదయం పేరుతో వచ్చే దేవుళ్ళ బొమ్మల సంగతి వేరే చెప్పుకోవాలి. వాటిని పంపేది పిల్లలు కాదు.)

దీన్ని 'కలిసి పనిచేసే వేదిక' అనడం భాషను అవమానించడమే. ఒకరు చెప్పడం, మిగతావారు వినడం. పీఠం చెక్కది పోయి గాజుది వచ్చింది, అంతే.

ఇప్పుడు వెనక్కి వెళదాం. 1826లో హిందూ కాలేజీలో హెన్రీ డిరోజియో అనే పదిహేడేళ్ళ కుర్రవాడు ఉపాధ్యాయుడుగా చేరాడు. పుట్టింది కలకత్తాలోనే, 1809లో. తన విద్యార్థుల కంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. 1828లో పిల్లలతో కలిసి 'అకడమిక్ అసోసియేషన్' అనే చర్చా సంఘం పెట్టాడు. విధి ఉందా, దేవుడున్నాడనడానికి వాదం ఏమిటి, లేడనడానికి వాదం ఏమిటి, విగ్రహారాధన మాటేమిటి, ఇవీ అక్కడి విషయాలు. ఒకడు సమర్థిస్తాడు, ఇంకొకడు ఖండిస్తాడు. మాస్టారు తీర్పు చెప్పి ముగించడు. కృష్ణమోహన్ బెనర్జీ, రామ్‌గోపాల్ ఘోష్, రసిక్‌కృష్ణ మల్లిక్, రామతను లాహిరి లాంటివాళ్ళు అక్కడ తయారైనవాళ్ళే. రసిక్‌కృష్ణ కోర్టులో గంగాజలం ముట్టుకుని ప్రమాణం చేయమంటే, దాని పవిత్రతను నేను నమ్మను పొమ్మన్నాడని చరిత్రలో ప్రసిద్ధం. 1830లో ఆ పిల్లలు 'పార్థెనాన్' అనే పత్రిక తెచ్చారు. ఒక్క సంచికతో పెద్దలు ఆపించేశారు. 1831 ఏప్రిల్‌లో డిరోజియోను కాలేజీ నుంచి పంపించేశారు. తన మీద వచ్చిన ఆరోపణలకు ఆయన ఇచ్చిన జవాబు మన సంఘాల్లో ప్రతివారూ చదవదగ్గది. దేవుడి గురించి సందేహవాదుల వాదనలు చెప్పాను, వాటికి వచ్చిన జవాబులూ చెప్పాను, రెండు పక్షాలూ వినకుండా పిల్లలు ఏదో ఒకటి నమ్మడం సరికాదు - ఇదీ దాని సారాంశం. ఆ డిసెంబరులోనే కలరాతో పోయాడు. వయసు 22.

ఆ సంఘంలో ఆడపిల్లలు లేరు, కూలివాడి కొడుకూ లేడు. అది కలవారి పిల్లల సంఘం. దాన్ని స్వర్ణయుగం అని పొగడటానికి నేను సిద్ధంగా లేను. కానీ అక్కడ జరిగిన పని ఏమిటో గమనించండి. విద్యార్థి మాట్లాడాడు, ఉపాధ్యాయుడు విన్నాడు. ఆ పని వైఫై ఉన్నచోట జరక్కపోవచ్చు, లేనిచోట జరగవచ్చు. కాబట్టి వేదికను కొలవాలంటే కొలవాల్సింది స్క్రీన్ సైజు కాదు.

"ఇదంతా నీ అభిప్రాయం, రుజువేది?" అని అడగాలి. అడగండి. పెరూలో ఒక్కో పిల్లవాడికి ఒక్కో లాప్‌టాప్ ఇచ్చారు. 319 బడుల్లో జరిపిన పరిశీలన 2012లో వెలువడింది. లెక్కల్లోనూ భాషలోనూ మెరుగుదలకు ఆధారం దొరకలేదు. కరోనా రోజుల్లో బోట్స్‌వానాలో సుమారు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారం వారం ఎస్ఎమ్ఎస్‌లో లెక్కలు పంపారు. కొందరికి ఆ ఎస్ఎమ్ఎస్‌తో పాటు ఉపాధ్యాయుడు ఫోన్ చేసి పది ఇరవై నిమిషాలు పిల్లవాడితో మాట్లాడాడు. ఇంకొందరికి ఏదీ లేదు. 2022లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మాట్లాడినచోట లెక్కలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ఉత్త సందేశాలు వెళ్ళినచోట చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మామూలు ఫోన్, ఒక గొంతు, తిరిగి ఒక గొంతు!

చిత్రమేమంటే, ఈ పని చేయగల సాధనం బెంగాల్ ప్రభుత్వం చేతిలోనే ఉంది. 2020లో 'బాంగ్లార్ శిక్షా దూరభాషే' పేరుతో ఉచిత టెలిఫోన్ సేవ మొదలుపెట్టారు. పై తరగతుల పిల్లలు ఫోన్ చేసి తమ సందేహం ఉపాధ్యాయుణ్ణి అడగవచ్చు. అంతా కలిపి చూస్తే, పిల్లవాడి ప్రశ్నతో మొదలయ్యే ఏర్పాటు అదొక్కటే. ట్యాబ్ పథకానికి వచ్చిన హోరులో దాని పేరు ఎంతమంది విన్నారు? టెలిఫోన్ పంచుతూ ఫోటో దిగడానికి కుదరదు కదా.

కలకత్తాలోనే పుట్టిన సుగతా మిత్రా ఇంకో దారి చెప్పారు. ఆయన 1999లో ఢిల్లీ కాల్కాజీ మురికివాడ గోడలో కంప్యూటర్ బిగించి, పిల్లలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారన్నారు. మన హైదరాబాదు పిల్లలకు ఇంగ్లండు బామ్మలతో స్కైప్‌లో మాటలు కలిపారు. 2013లో పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో సుందరవనాల్లోని కోరాకాటిలోనూ ఒక కేంద్రం వెలిసింది. నాకు ఆ బామ్మల ఆలోచన నచ్చుతుంది, అందులో మాటకు మాట ఉంది కాబట్టి. "ఉపాధ్యాయుడే అక్కర్లేదు" అన్న భాగం నచ్చదు. పాయల్ అరోరా అనే పరిశోధకురాలు అల్మోరా, హవాల్‌బాగ్‌లలో ఆ గోడ కంప్యూటర్లు వెతుక్కుంటూ వెళితే, అవి మాయమై ఉన్నాయి. ఊళ్ళో వాటిని తలచుకునేవారు కూడా పెద్దగా లేరని 2010లో రాశారు. అద్భుతం జరిగిందన్న చోటికి కొన్నాళ్ళు ఆగి వెళ్ళి చూడటం, బాబాల విషయంలో మనం చేసే పనే.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. లోపల బైజూస్ పాఠాలు. 2024 జూలైలో బైజూస్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మీ ఊరి బడిలో ఆ ట్యాబ్‌లు ఇప్పుడు ఏ పనికి వాడుతున్నారో ఒకసారి వెళ్ళి అడగండి.

కోల్‌కతా బజార్లలో కూరగాయలు అమ్మే పిల్లలున్నారు. ఎనిమిది వందల గ్రాములు ఇంత, పావు కిలో అంత, యాభై నోటుకు చిల్లర ఎంత, అని నోటితోనే లెక్క కట్టేస్తారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీలలో వెయ్యికి పైగా ఇలాంటి పిల్లల్ని పరిశీలించి 2025లో 'నేచర్' పత్రికలో రాసింది. ఆ లెక్కనే బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే వాళ్ళలో చాలామంది చేయలేకపోయారు. బజారుకు పోని బడి పిల్లలు కాగితం మీద మేలు, బజారు లెక్క ఇస్తే తడబడ్డారు. ఈ రెండు రకాల పిల్లలూ ఒకరికొకరు నేర్పుకోగల చోటు ఏదైనా ఉంటే, దాన్ని నేను కలిసి పనిచేసే వేదిక అంటాను. "నువ్వు మనసులో ఎలా చేశావురా?" అని మాస్టారు అడగాలి, మిగతావాళ్ళు వినాలి. జూమ్‌లో చేసినా సరే, చింతచెట్టు కింద చేసినా సరే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక ప్రయోగం. ఖర్చు లేదు. ఒక వారం పాటు మీ తరగతి గ్రూపు తెరిచి రెండు గీతలు గీయండి. ఒక గీత కింద మీరు పంపిన సందేశాలు లెక్కించండి. రెండో గీత కింద పిల్లలు అడిగిన ప్రశ్నలు లెక్కించండి. "సార్, ఏ పేజీ?" లాంటివి కాదు, "ఎందుకు?" "ఎలా తెలుసు?" అనేవి. రెండో వారం ఆ అడ్మిన్ మీట తీసేయండి. పేరు చెప్పకుండా ప్రశ్న పంపే వీలు పెట్టండి, గూగుల్ ఫారమ్‌తో ఐదు నిమిషాల పని. తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, వెతుకుదాం" అని గ్రూపులోనే రాయండి. మళ్ళీ లెక్కించండి. సంఖ్య పెరగకపోతే నా మాట తప్పని తేలుతుంది, మంచిదే.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అరవై మంది ఉన్న తరగతిలో అరవై ప్రశ్నలకు జవాబు చెబుతూ కూర్చుంటే పరీక్షకు ఏం మిగులుతుంది? అన్నిటికీ మాస్టారే జవాబు చెప్పాలన్న నియమం పెట్టుకుంటే ఏమీ మిగలదు. పిల్లలకే వదిలితే కొన్ని ప్రశ్నలు వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు. తప్పుగా తేల్చుకున్నవి మరునాడు తరగతిలో పాఠమవుతాయి.

అసలు ఇబ్బంది సిలబస్ దగ్గర రాదు. పేరు చెప్పకుండా అడగవచ్చన్న రోజున ఎవరో ఒక పిల్ల "గ్రహణం రోజు అన్నం తినొద్దంటారు, ఎందుకు సార్?" అని అడుగుతుంది. ఇంకొకడు దేవుడి దగ్గరికే వస్తాడు. మాస్టారు రెండు పక్షాలూ చెబుతాడు. ఆ సాయంత్రమే ఎవరి తండ్రో ఆ స్క్రీన్ ఫోటో తీసి ప్రధానోపాధ్యాయుడికి పంపుతాడు. హిందూ కాలేజీ నిర్వాహకులకు ఆరోపణలు కూడగట్టడానికి నెలలు పట్టింది. ఇప్పుడు రెండు నిమిషాలు చాలు. ఆ మర్నాడు ఆ మాస్టారితో పాటు బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుడి గదిలో కూర్చుని మాట్లాడటానికి మన సంఘం నుంచి ఏ ఇద్దరు వెళతారో వచ్చే సమావేశంలోనే పేర్లు రాసి పెట్టుకుందాం.