యూనిఫాం దాచాం సరే, తొడుక్కున్న మనిషి సంగతేమిటి?

బల్లార్షాలో మన యువకుడొకడు మొన్న తన గది చూపించాడు. డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేస్తాడు. గోడకు ఇనుప టోపీ, కాన్వాసు సంచి, తూటాలు పెట్టుకునే బెల్టు, నీళ్ల సీసా, కింద ఒక జత పాత బూట్లు. కొన్ని పాత సామాన్ల బజారులో, కొన్ని ఆన్‌లైన్‌లో కొన్నాడట. చివరికి ఒక బెల్టు బకిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "అన్నా, ఇది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు పెట్టుకున్న రకం. అసలుది కాదు, నకలే. దీనిమీద ఏం రాసుందో తెలుసా? 'దేవుడు మనతో ఉన్నాడు' అని. మన ఇమ్మానుయేలు మాటే కదా!"

అతని సంతోషం చూసి ఆ పూట ఏమీ అనలేకపోయాను. ఆ రోజు అనలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి సరదా ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు.

మొదట ఒక మాట. యుద్ధకాలపు దుస్తులు, సామాన్లు సేకరించడం తప్పని నేను అనను. పుస్తకాలు చెప్పనివి బట్ట చెబుతుంది. మోచేతి దగ్గర వేసిన మాసిక, లోపలి వైపు రాసుకున్న నంబరు, భుజం దగ్గర సంచి పట్టీ ఒరుసుకున్న గుర్తు, ఇవన్నీ సాక్ష్యాలే. పైగా చంద్రపూర్ వాళ్లం యుద్ధానికి దూరంగా ఏమీ లేము. భద్రావతి ఆయుధ కర్మాగారంలో మందుగుండు తయారవుతుంది. బల్లార్షా దారిలో 2019లో సైనిక్ స్కూల్ మొదలైంది. మన పిల్లలకు యూనిఫాం మీద మనసు పోవడం సహజమే. కాకపోతే, అద్దాల బీరువాలో ఇస్త్రీ చేసి పెట్టిన యూనిఫాం సగం కథే చెబుతుంది. మిగతా సగం అడగాల్సింది మనమే.

తెలుగువాళ్లకు ఈ బట్టతో పాత బంధమే ఉంది. కంపెనీ సైన్యంలో చేరి బెంగాల్ దాకా వెళ్లిన మద్రాసు సిపాయిలను అక్కడివాళ్లు 'తిలంగాలు' అన్నారు. చివరికి ఉత్తరాదిన దొరల కోటు తొడుక్కున్న ఏ సిపాయికైనా అదే పేరైంది. మన జాతి పేరు ఒక యూనిఫాం పేరుగా మారిపోయింది. ఆ ఎర్రకోటు వెనక కూటికోసం పోయినవాళ్లు ఎందరో, వాళ్ల పేర్లేమిటో మనకు తెలియదు.

వేలూరు సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. మద్రాసు సైన్యంలో సిపాయిలు నుదుటి బొట్లు తుడుచుకోవాలని, గడ్డాలు గీయించుకోవాలని, తోలు బిళ్ల ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలని హుకుం వచ్చింది. ఆ తలపాగా దొరల టోపీలా ఉందని, తమను కిరస్తానీలుగా మార్చడానికే ఇదంతా అని సిపాయిలు అనుకున్నారు. 1806 జులై 10న తిరగబడ్డారు. వందకు పైగా బ్రిటిష్ సైనికులు, వందలాది సిపాయిలు చనిపోయారు. ఆ తర్వాత హుకుం వెనక్కి తీసుకున్నారు. సువార్త ప్రేమతో చేరాల్సిన చోటికి దొర టోపీ రూపంలో భయం చేరింది. అలాంటి తలపాగా ఎక్కడైనా ప్రదర్శనలో పెడితే, కింద 'తలపాగా, 1806' అని రాసి ఊరుకుంటే సరిపోతుందా?

యూనిఫాం అంటే అణచివేత ఒక్కటే అని కూడా కాదు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడిన కంపెనీ దళంలో మహార్ సైనికులు ఎందరో ఉన్నారు. అదే యుద్ధంలో ఆ మే నెలలో మన చాందా కోట కూడా కంపెనీ చేతికి చిక్కింది. ఊళ్లో నీడ తగలకూడదన్న మనిషికి పల్టన్‌లో జీతం, చదువు, నిటారుగా నడిచే అవకాశం దొరికాయి. బాబాసాహెబ్ అంబేడ్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. తర్వాత 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని 1890లలో అదే సర్కారు మహార్లను సైన్యంలో చేర్చుకోవడం మానేసింది. యూనిఫాంతో పాటు గౌరవమూ లాగేసుకుంది. 1941లో మహార్ రెజిమెంటు ఏర్పడినప్పుడు వాళ్ల టోపీ బిళ్లమీద మొదట ఉన్నది కోరేగావ్ స్తంభమే. ఆ చిన్న బిళ్ల విలువ పాత సామాన్ల వ్యాపారికి తెలియదు. 1956 అక్టోబర్ 16న బాబాసాహెబ్ చేతిమీదుగా దీక్ష తీసుకున్న చంద్రపూర్ జనానికి తెలుస్తుంది.

అసలు యూనిఫామే లేనివాళ్ల మాటేమిటి? గోండు వీరుడు బాబూరావ్ షెడ్మాకే ఆదివాసీ యువకులను కూడగట్టి కంపెనీతో పోరాడాడు. 1858 అక్టోబర్ 21న ఇదే ఊళ్లో ఆయన్ను ఉరి తీశారు. ఆయనతో నడిచిన కుర్రాళ్లకు కోట్లు, గుండీలు ఎవరిచ్చారు? మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో లక్షలాది మంది తుపాకీ పట్టనివాళ్లే. మూటలు మోసినవాళ్లు, కంచర గాడిదలు తోలినవాళ్లు, వంటవాళ్లు, పాకీ పనివాళ్లు. జైళ్లలోంచి ఖైదీలను కూడా మెసొపొటేమియాకు తీసుకుపోయి కూలి చేయించారు. సేకరించేవాళ్లు వెతికేది అధికారి కోటు, పతకం. కూలీ గొంగడిని ఎవరు దాచారు? అందుకే మ్యూజియంలో ఏముందో చూసినంత శ్రద్ధగా ఏం లేదో కూడా చూడాలి.

బైబిల్లోనూ యుద్ధ సామాన్ల ప్రదర్శన ఉంది. సమూయేలు మొదటి గ్రంథం చివరి అధ్యాయం తీసి చూడండి. గిల్బోవ కొండమీద చనిపోయిన సౌలు ఆయుధాలను ఫిలిష్తీయులు అష్తారోతు గుడిలో పెట్టారు. మొండెాన్ని బేత్షాను గోడకు వేలాడదీశారు. ఆ కబురు విని యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి సౌలునూ అతని కొడుకులనూ దించి తెచ్చుకున్నారు. ఎముకలు పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. ఆయుధాల కోసం వాళ్లు గుడికి వెళ్లినట్టు అక్కడ లేదు. వాళ్లకు కావలసింది మనుషులు. యుద్ధాన్ని గుర్తుంచుకునే పద్ధతులు రెండూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. మన బీరువా దేనికి దగ్గరగా ఉందో మనమే చూసుకోవాలి.

ఇక ఆ బకిల్ సంగతి. 'గాట్ మిట్ ఉన్స్' అనే ఆ మాట నడుముకు కట్టుకుని నడిచిన సైన్యం హిట్లర్‌కు విధేయంగా ఉంటామని ప్రమాణం చేసిన సైన్యం. ఆ పాలనలో అరవై లక్షల మంది యూదులను చంపారు. దేవుడి పేరు ఇనుముమీద అచ్చువేసుకున్నంత మాత్రాన దేవుడు మన పక్షం అయిపోడు. దాన్ని పారేయమని నేను చెప్పను. ఆ మాట రాసి పక్కన పెట్టమంటాను. అలా రాయకుండా గోడకు తగిలిస్తే అది అలంకారమే అవుతుంది.

సేకరించే పిల్లలకు కొన్ని పనికొచ్చే మాటలు. ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాయండి: ఎవరిది, ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు. అసలుదా నకలా అన్నది నిజాయితీగా రాయండి. ఉన్ని కోటును హ్యాంగరుకు వేలాడదీస్తే భుజాలు సాగిపోతాయి, పరిచి ఉంచండి. ఎండ, ట్యూబ్‌లైటు వెలుగు రంగును తినేస్తాయి. చిమ్మెటకు ఎండు వేపాకు పలుచటి గుడ్డలో మూటకట్టి పెట్టండి. మరకలు ఉతకవద్దు, పతకాలు తోమి మెరిపించవద్దు. పేలని గుండు, తూటా ఏది కనబడినా తాకకుండా పోలీసులకు చెప్పండి. సైనికుడినని నమ్మించేలా సైనిక దుస్తులు వేసుకుని తిరగడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం, రీలు కోసం కూడా ఆ పని చేయకండి.

అన్నిటికన్నా ముందు, మీ వాడలో రిటైరైన జవాను ఉంటే వెళ్లి కూర్చోండి. ఆయన భార్యను కూడా అడగండి. ఉత్తరం రాని నెలల్లో ఇల్లు ఎలా గడిచిందో ఆమెకే తెలుసు. విశాఖలో 2002 నుంచి ప్రదర్శనలో ఉన్న కురుసుర జలాంతర్గామిలో విశ్రాంత నావికులే చూపించి చెబుతారు. అక్కడ పిల్లలు ఇనుముతో పాటు ఒక మనిషి గొంతు కూడా విని బయటికి వస్తారు. మన సంఘాల్లో యువజన కూడికకు ఒక ఆదివారం ఇలాంటి పెద్దాయన్ను పిలవలేమా?

ఆ తమ్ముడికి ఈ వ్యాసం పంపుతున్నాను. తమ్ముడూ, నీ గోడమీద ఇంకా చోటుంది. వాళ్ల తాత ఏ పల్టన్‌లో మూటలు మోశాడో చెప్పగల ముసలమ్మ మీ వీధిలోనే ఉండవచ్చు. కొత్త టోపీ కొనేముందు ఒకసారి ఆమె గడప తొక్కు.