ఇంట కట్టిన విమానము

మధురపూడిలో దిగు విమానమును చూచిన బాలునకు తానును అట్టిదానిని నిర్మింపవలెనను కోరిక పుట్టుట సహజము. అది పరిహసింపదగిన కోరిక కాదు. విమానయుగమునకు నాంది పలికిన రైటు సోదరులు అమెరికాలో సైకిళ్ల దుకాణము నడుపుకొనినవారు. కళాశాల మెట్లెక్కినవారు కారు. 1901లో వారి గ్లైడరు ఆశించినంతగా లేవలేదు. అంతట వారొక పొడవైన పెట్టెలో గాలి వీచునట్లు చేసి, సుమారు 200 చిన్న రెక్కలను అందు పరీక్షించిరి. 1903 డిసెంబరు 17న వారి విమానము తొలిసారి 12 సెకనులు ఎగిరెను. ఆ 12 సెకనుల వెనుక నాలుగేండ్ల ఓరిమి కలదు.

మన దేశమున అమోల్ యాదవ్ అను విమానచోదకుడు ముంబయిలో ఇంటి డాబాపై ఆరుగురు కూర్చుండదగిన విమానమును కట్టి, 2016లో ప్రదర్శించెను. ఎగురుటకు అనుమతి 2019లో గాని లభింపలేదు. ఉత్సాహవంతుని ఏండ్ల తరబడి త్రిప్పుట తగదు. నియమములు స్పష్టముగను, తనిఖీలు శీఘ్రముగను జరుగవలెను. అయినను తనిఖీయే వలదనుట అవివేకము. గోదావరిలో నావకు చిల్లిపడినచో ఈతగాడు ఒడ్డు చేరవచ్చును. ఆకసమున ఒడ్డు లేదు. ఒక్క మర వదులైనను చోదకునకే కాక, క్రింద పొలమున నాట్లు వేయువారికిని ప్రాణాపాయమే.

బాలలారా! నేడే ఒక చిన్న గ్లైడరు చేయుడు. పడినచో ఏల పడెనో వ్రాసికొనుడు. పిదప దానిని మరియొకరికి చూపి, తప్పులు వెదకుమని కోరుడు. ఎగురువానికి ముందుగా కావలసిన ధైర్యమదియే.