విరోధి రసాల పొత్తు

హాస్యానికి భయానకం విరోధి రసమని ఆలంకారికుల మతం. జాన్ లాండిస్ 1981లో తీసిన ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ చిత్రం ఆ రెండింటికీ పొత్తు కుదిర్చింది. పున్నమి రేయి తోడేలుగా మారే మనిషి వాతబడి మరణించిన జాక్, నెత్తుటి గాయాలతోనే మిత్రుడు డేవిడ్ వద్దకు వచ్చి పరిహాసమాడుతాడు. వచ్చే పున్నమికి నీవూ మృగమవుతావని హెచ్చరిస్తాడు.

మూల నెగెటివ్ నుండి పునరుద్ధరించి 2019లో వెలువరించిన బ్లూరే ప్రతిలో, రిక్ బేకర్ తీర్చిన ఆ గాయాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. రూపాలంకరణ విభాగంలో తొలి ఆస్కార్ ఆయనదే. అవి కృత్రిమమని కన్ను గుర్తించినా భయం తగ్గదు. మరణించినా చెలిమిని విడువని ఆ గొంతులోని నవ్వు మనసును కలచివేస్తుంది. సమర్థుని చేతిలో విరోధి రసాలు ఒకదానినొకటి పోషిస్తాయి. ఆ నేర్పును మళ్ళీ కళ్ళకు కట్టినందువల్లనే ఈ పునరుద్ధరణ సార్థకమయింది.