గేటు దాటే ముందు కాటా

టాటానగర్ స్టేషనుకు దగ్గర్లోని బర్మామైన్స్‌లో పెరిగినవాళ్లకు వేబ్రిడ్జి కొత్త కాదు. లారీ ఖాళీగా లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, సరుకుతో బయటికి వచ్చేటప్పుడు ఒకసారి కాటా ఎక్కుతుంది. తేడా చీటీ మీద పడుతుంది. చీటీ లేని బండికి గేటు లేవదు. డ్రైవరు ఇరవై ఏళ్లుగా తెలిసినవాడైనా అంతే. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మా తాత ఈ ఊళ్లోనే స్థిరపడ్డాడు. ఇనుము పని మా ఇంట్లో మూడో తరానికి సాఫ్ట్‌వేర్ పని అయింది. వెబ్‌సైట్ల ముందుభాగం, అంటే జనం తమ ఫోనులో చూసే భాగం, నేను రాస్తాను. మా పనిలోనూ రోజూ గేటు దాటి సరుకు వెళ్తుంది. దాన్ని కాటా ఎక్కించేవాళ్లే తక్కువ.

కొన్నాళ్ల క్రితం మా పిన్ని ఫోను పట్టుకుని వచ్చింది. ఏటా ఒకసారి నింపాల్సిన దరఖాస్తు ఒకటి ఆన్‌లైన్లో ఉంది. "ఒరే, ఇందాకట్నుంచీ తెల్లగానే ఉందిరా, ఫోను పాడైందేమో చూడు" అంది. ఫోనుకేమీ కాలేదు. తెల్లటి తెర మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది. చూసి చూసి ఆమె ప్రజ్ఞా కేంద్రానికి వెళ్లి, డబ్బు కట్టి నింపించుకుని వచ్చింది. ఝార్ఖండ్‌లో ప్రజ్ఞా కేంద్రమంటే మన మీసేవ లాంటిది. ఆ రాత్రి అదే పేజీని నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే రెప్పపాటులో వచ్చేసింది. తయారుచేసినవాళ్లు కూడా ఇలాంటి ల్యాప్‌టాప్ మీదే చూసి, బాగుందనుకుని వదిలి ఉంటారు.

లోపల ఏముందో విప్పి చూశాను. పేరు, చిరునామా, రెండు తేదీలు, ఒక ఫోటో అడిగే ఫారమ్ అది. దాని వెనక గ్రాఫులు గీసే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు, ఉంది. కార్యాలయం వాళ్లు మాత్రమే చూసే తెరల కోడు ఉంది. రెండు రకాల ఐకాన్ల కట్టలున్నాయి. తేదీల కోసం మోమెంట్ అనే లైబ్రరీ ఉంది. మోమెంట్ తనతో పాటు ఎన్నెన్నో భాషల నెలల పేర్లు, వారాల పేర్లు మోసుకొస్తుంది. వాటిలో తెలుగు ఫైలూ ఉంది, జనవరి, ఫిబ్రవరి అని మన లిపిలోనే. ఆ పేజీ మాత్రం హిందీలో, ఇంగ్లీషులో తప్ప కనిపించదు. పిన్నికి హాయిగా చదవడం వచ్చిన భాష పిన్ని డేటా ఖర్చుతోనే పిన్ని ఫోనులోకి దిగింది. ఒక్క అక్షరమైనా ఆమె కంటికి కనబడలేదు. నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఆ తెలుగు ఫైలే.

బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో తయారుచేసిన జావాస్క్రిప్ట్ మొదట్లో పేజీకి చిన్న చిన్న కదలికలు అద్దే భాష. ఇప్పుడు పేజీ మొత్తాన్నీ అదే కడుతోంది. మేం రాసిన వందల ఫైళ్లనూ, వాటితో పాటు తెచ్చుకున్న లైబ్రరీలనూ వెబ్‌ప్యాక్, వీట్ లాంటి పనిముట్లు ఒక కట్టగా కట్టి పంపుతాయి. ఆ కట్టే బండిల్. వెబ్ పేజీలను కొలిచి లెక్కలు పెట్టే హెచ్‌టీటీపీ ఆర్కైవ్ ప్రకారం 2024లో మొబైల్ పేజీల మధ్యస్థ విలువ 558 కిలోబైట్ల జావాస్క్రిప్ట్. అందులో మూడో వంతుకు పైగా కోడు పేజీ తెరుచుకునేటప్పుడు అసలు నడవనే నడవదు.

ఈ కట్టకు రెండు బరువులుంటాయి. ఒకటి దారిలో బరువు, అంటే జీజిప్‌తోనో బ్రాట్లీతోనో కుదించి పంపినది. సెకనుకు ఒక మెగాబిట్ వచ్చే చోట 500 కిలోబైట్లు దిగడానికి నాలుగు సెకన్లు పడుతుంది. రెండోది దిగాక బరువు. కుదించినది విప్పుకుంటే మూడు నాలుగు రెట్లవుతుంది. దాన్నంతా ఫోను చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. అంతే బరువున్న ఫోటో అయితే విప్పి తెర మీద పరిస్తే దాని పని అయిపోతుంది. జావాస్క్రిప్ట్ అలా కాదు, ఫోను మెదడును పట్టి కూర్చుంటుంది. గూగుల్ వాళ్ల లైట్‌హౌస్ పరీక్ష మొబైల్‌ను అంచనా వేయడానికి ప్రాసెసర్‌ను నాలుగు రెట్లు నెమ్మదిగా నడిపిస్తుంది. నా బల్ల మీద ఒక సెకను పట్టే పని పిన్ని చేతిలో నాలుగు సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నెట్‌వర్క్ ఎంత బాగున్నా ఈ రెండో బరువు తగ్గదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా చౌకైంది కదా, ఇంకా ఈ లెక్కలెందుకు అనేవాళ్లు మొదటి బరువునే చూస్తున్నారు.

బర్మామైన్స్‌లోనే జాతీయ లోహశోధనశాల ఉంది. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించారు. ఖనిజాన్ని శుద్ధి చేసే పద్ధతుల మీద అక్కడ దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. ఖనిజం ముందుకొస్తే మొదట నమూనా తీసి ఏది ఎంత శాతముందో తేల్చాలి, ఆ తర్వాతే దేన్ని ఎలా విడదీయాలన్న మాట. మా పనిలో చాలామంది ఈ వరస తిప్పేస్తారు. పేజీ నెమ్మదిగా ఉందనగానే తమకు తెలిసిన చిట్కా ఏదో వేసేస్తారు. ముందు వెబ్‌ప్యాక్ బండిల్ ఎనలైజర్ లాంటి దానితో పటం గీయించి చూడాలి. ఒక్కో లైబ్రరీ ఎంత చోటు తింటోందో గడులు గడులుగా కనిపిస్తుంది. ఆ పటం మూడు కొలతలు చూపిస్తుంది: మూలంలో ఎంత, కుదించే ముందు ఎంత, కుదించాక ఎంత. నెట్‌వర్క్ గురించి అడిగితే మూడోది చూడాలి, ఫోను ఆయాసం గురించి అడిగితే రెండోది. మూడోదే చూసి సంతోషపడిపోయే బృందాలను చాలా చూశాను. క్రోమ్‌లో 2017 నుంచి కవరేజ్ అనే పనిముట్టు కూడా ఉంది. ఏ కోడు నడిచిందో, ఏది నడవలేదో వరుసల పక్కనే రంగులో చూపిస్తుంది. నడవనిదంతా చెత్త అనుకోకూడదు. బటన్ నొక్కాక నడవాల్సింది కొంత ఉంటుంది. దాన్ని తీసేయనక్కర్లేదు, విడగొట్టి బటన్ నొక్కినప్పుడు తెప్పించుకుంటే చాలు.

పటం చూశాక దొరికే దోషాలు చాలాసార్లు అవే. మోమెంట్ సంగతే తీసుకోండి. అన్ని భాషలతో కలిపి కుదించాక కూడా సుమారు 70 కిలోబైట్లుంటుంది. భాషలు తీసేస్తే ఇరవైలోపే. దాన్ని నడిపేవాళ్లే 2020 సెప్టెంబరులో, ఇక కొత్త సదుపాయాలు చేర్చం, కొత్త ప్రాజెక్టులకు వేరేది వాడుకోండని చెప్పేశారు. ఇదే పనిలో ఎక్కువ భాగం చేసే డే జేఎస్ రెండు కిలోబైట్లు. తేదీని చూపించడం మాత్రమే కావాలంటే ఆ రెండూ అక్కర్లేదు. బ్రౌజర్లోనే Intl అనే ఏర్పాటు ఉంది. తెలుగులో తేదీ రాయమంటే రాస్తుంది, లక్షలు కోట్ల లెక్కన కామాలు పెట్టమంటే పెడుతుంది, ఒక్క బైటు కూడా దించకుండా. లోడాష్‌లో ఒక్క చిన్న ఫంక్షన్ కోసం మొత్తం లైబ్రరీని పిలిచేవాళ్లు పాతిక కిలోబైట్లు మోస్తారు. రిచ్ హారిస్ 2015లో రోలప్ అనే కట్ట కట్టే పనిముట్టుతో పాటు ప్రచారంలోకి తెచ్చిన ట్రీ షేకింగ్ పద్ధతి వాడని కోడును రాల్చేస్తుంది. అయితే లైబ్రరీ అందుకు అనువుగా రాసి ఉండాలి, పాత పద్ధతిలో రాసినదాన్ని ఎంత ఊపినా రాలదు. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు పక్కపక్కన ఉండటం ఇంకో సాధారణ దోషం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పింది. దాని కోసం రాసిన అతుకులు మాత్రం ఇప్పటికీ ఆండ్రాయిడ్ ఫోన్లకు దిగుతూనే ఉన్నాయి.

తెలుగు సైట్లకు ఇంకో చిక్కుంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు కావాలి. "తెలుగు" అన్న మాటలో కంప్యూటరు లెక్కన హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తం ఆరు. పద్దెనిమిది బైట్లు. ఎవాన్ వాలెస్ రాసిన ఈఎస్‌బిల్డ్ ఎంతో వేగంగా కట్ట కడుతుంది, నాకూ ఇష్టమే. కానీ మనం వేరేగా చెప్పకపోతే అది ఇంగ్లీషు కాని ప్రతి గుర్తునూ సంకేత రూపంలోకి మార్చేస్తుంది. అప్పుడు గుర్తుకు ఆరు బైట్లు. అదే మాట ముప్పై ఆరు అవుతుంది. కుదించినప్పుడు ఈ తేడాలో చాలా భాగం కరిగిపోతుంది, నిజమే. ఫోను విప్పి చదవాల్సిన బరువులో మాత్రం కరగదు. సెట్టింగులో ఒక్క మాట రాస్తే సరిపోయే సంగతి ఇది. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకూ అనువాదాలు చేయించి, అన్నింటినీ ఒకే కట్టలో పెట్టి అందరికీ పంపడం దీనికన్నా పెద్ద తప్పు. తెలుగు ఎంచుకున్నవాళ్లకు తెలుగు ఫైలు, సంతాలీ ఎంచుకున్నవాళ్లకు సంతాలీ ఫైలు వెళ్లాలి. మన భాష వెబ్‌సైటుకు బరువు అనే మాట పుట్టకుండా ఉండాలంటే ఈ జాగ్రత్త మన ఇంజనీర్లే తీసుకోవాలి.

మొదటిసారి ఆలస్యమైనా ఫోను దాచుకుంటుంది కదా, రెండోసారి నుంచి వేగమే అని ఒక వాదన. ఏడాదికోసారి తెరిచే దరఖాస్తుకు రెండోసారి ఎప్పుడు? పైగా కొత్త వెర్షన్ వదిలిన ప్రతిసారీ ఫైలు పేరు మారి మళ్లీ మొత్తం దిగుతుంది. వేరే సైటు దించిన లైబ్రరీ మనకు పనికొస్తుందన్న ఆశ కూడా 2020లోనే పోయింది. క్రోమ్ 86 నుంచి ఏ సైటు నిల్వ ఆ సైటుకే. సర్వరు మీదే పేజీ కట్టి పంపితే సమస్య తీరుతుందనే వాళ్లున్నారు. తెర తొందరగా నిండుతుంది, అది పెద్ద మేలే. కానీ బటన్లకు ప్రాణం రావాలంటే ఆ కట్టంతా దిగాల్సిందే. కనిపిస్తూ నొక్కితే పలకని పేజీ తెల్ల తెర కన్నా ఎక్కువ గందరగోళపెడుతుంది. మరీ చిన్న ముక్కలుగా విడగొట్టినా నష్టమే. ముక్కలు సరిగా కుదించుకోవు, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తాయి.

"మా లెక్కల్లో పేజీ సగటు వేగం బాగానే ఉందే" అని చాలా సంస్థల్లో వింటాం. యూట్యూబ్‌లో పనిచేసిన క్రిస్ జకరయాస్ 2012లో రాసిన అనుభవం ఈ మాటకు నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి జవాబు. ఆయన వీడియో పేజీని 1.2 మెగాబైట్ల నుంచి 98 కిలోబైట్లకు దించాడు. కొందరు వాడుకరులకు వదిలి లెక్కలు చూస్తే సగటు సమయం పెరిగింది. తగ్గాల్సింది పెరగడంతో నిరాశపడి, కారణం వెతికితే ప్రాంతాలవారీ లెక్కల్లో దొరికింది. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియా మారుమూలల నుంచి కొత్తగా జనం వస్తున్నారు. పాత పేజీ వాళ్లకు ఎప్పుడూ తెరుచుకోలేదు. తెరుచుకోని పేజీ లెక్కల్లోకి రాదు. ఇప్పుడు రెండు నిమిషాలకైనా తెరుచుకోవడంతో వాళ్లు సగటులోకి వచ్చారు. చక్రం తిరుగుతుండగానే ప్రజ్ఞా కేంద్రానికి వెళ్లిపోయిన మా పిన్ని కూడా ఆ దరఖాస్తు సైటు లెక్కల్లో ఎక్కడా ఉండదు. వెళ్లిపోయినవాళ్లను తీసేసి వేసిన సగటు ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

కాటా లేదనలేను. పనిముట్లలోనే ఉంది. వెబ్‌ప్యాక్ 244 కిలోబైట్లు దాటితే హెచ్చరిస్తుంది. వీట్ 500 దాటితే హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికలోనే హద్దును ఎక్కడ పెంచుకోవచ్చో కూడా చెబుతుంది. యాంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్క్ ఒక అడుగు ముందుకు వేసి హద్దు దాటితే కట్ట కట్టడమే ఆపేస్తుంది. అప్పుడు గడువు దగ్గరపడిన ఇంజనీరు ఏం చేస్తాడు? హద్దు పెంచుతాడు. నేనూ పెంచాను. సరుకు తోలేవాడి చేతిలోనే కాటా ముల్లు పెడితే జరిగేది అదే. అందుకే హద్దు మార్చే అధికారం కోడు రాసేవాడికి కాకుండా ఇంకొకరికి ఉండాలి. మార్చినప్పుడు ఎందుకు మార్చారో రాతలో ఉండాలి. ప్రతి మార్పుతో పాటు ఎన్ని కిలోబైట్లు పెరిగాయో తగ్గాయో అందరికీ కనబడాలి. 32 కిలోబైట్ల కోసం ఇంత పట్టుదలా అని అడిగేవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు ఉదాహరణ ఉంది. 2022లో వాళ్లు జేక్వెరీ అనే పాత లైబ్రరీని తీసేసి పంపే కోడులో సరిగ్గా అంతే తగ్గించారు, ఫలితాన్ని బహిరంగంగా రాశారు. బలహీనమైన ఫోన్లు, బలహీనమైన నెట్‌వర్కులు ఉన్నవాళ్ల విషయంలో ప్రతి చిన్న మెరుగుదలా ముఖ్యమేనన్నది వాళ్ల వైఖరి.

ప్రజల డబ్బుతో కట్టే సైట్లకు ఈ హద్దు టెండరులోనే రాయాలన్నది నా వాదన. అంకె ఎంతుండాలో తేల్చడం కష్టమేమీ కాదు. అలెక్స్ రసెల్ అనే వెబ్ ఇంజనీరు 2017లో లెక్క కట్టి చూపించాడు. 200 డాలర్ల ఆండ్రాయిడ్ ఫోను, సెకనుకు 400 కిలోబిట్ల నెట్‌వర్క్, మొదటిసారి అయిదు సెకన్లలో పేజీ పనికి రావాలి అనుకుంటే, అందుకు ముందుగా దిగాల్సినదంతా కలిపి కుదించాక 130 నుంచి 170 కిలోబైట్లకు మించకూడదు. నేటి ఫోన్లకు ఇంకొంచెం పెంచుకోవచ్చు, ఎంతన్నది చర్చించుకోవచ్చు. బిల్లు మంజూరయ్యే ముందు పేజీని అధికారి గదిలో ప్రొజెక్టర్ మీద చూపించడం మాని, కొత్తది కాని ఓ చవక ఫోనులో, మొబైల్ డేటా మీద, నిల్వ చెరిపేసి తెరిచి చూపించాలి. రోడ్డు కాంట్రాక్టులో తారు మందం రాసుకుంటాం. తవ్వి కొలుస్తాం. దరఖాస్తు పేజీ కూడా జనం నడిచే దారే.

పిన్ని ఫోనులో నేను చూసిందంతా వరుసగా రాసి ఆ పేజీ నడిపే కార్యాలయానికి పంపాను. కార్యాలయం వాళ్ల తెరలు విడగొట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, గ్రాఫుల లైబ్రరీ తీసేయడానికి ఒక పూట చాలు. అన్నిటికన్నా పైన రాసింది మోమెంట్ వెంట వచ్చే భాషల ఫైళ్లను ఆపమని. వెబ్‌ప్యాక్ సెట్టింగులో అది చిన్న మార్పు. ఆ పేజీని తెలుగులో కూడా చూపించాలనుకుంటే మాత్రం, ఆ ఒక్క ఫైలు ఉంచమని కింద రాశాను.