గర్భసంచి తీశాక ఏం మందిచ్చి పంపుతున్నారు?

కొత్తగూడెం చుట్టుపక్కల మిరప తోటల్లో, ఎండాకాలం తునికాకు కోతలో పక్కపక్కన పనిచేసే ఆడవాళ్లను కదిపితే, 'నాకు గర్భసంచి తీసేశారు' అనే మాట చాలా మామూలుగా వస్తుంది. ఆ తర్వాత వచ్చే మాటలూ దాదాపు ఒకటే. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి నిద్ర పట్టదు, కూర్చుంటే లేవలేను, నడుము పీకేస్తోంది. ఈ రెంటికీ సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి దగ్గర. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఏళ్ల కిందటే అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో ఊరూరా తిరిగి చూస్తే, ఆపరేషన్ నాటికి ఆ స్త్రీల సగటు వయసు ముప్పైకి లోపే ఉంది. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. మరి ఇప్పటికే కోత పడినవాళ్ల సంగతి?

మన దేశంలో నెలసరి సహజంగా ఆగేది 46–47 ఏళ్ల ప్రాంతంలో. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే, ముప్పై అయిదేళ్ల మనిషికి ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని ఆపేస్తాయి. ఇలాంటివారికి, మందు కూడదనే కారణం లేకపోతే, కనీసం సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలన్నది వైద్యలోకం అంగీకరించిన మాట. కూలి చేసుకు బతికేవాళ్లకు మాత్రం కాల్షియం బిళ్లలూ నొప్పుల గోళీలే దక్కుతున్నాయి.

హార్మోన్ మందు అనగానే క్యాన్సర్ అనే భయం 2002 నాటిది. అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ఏడాదికి పదివేల మందికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయి. ఆ స్త్రీల సగటు వయసు 63. అదే పరీక్షలో గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. పక్షవాతం ముప్పు పెరగడంతో 2004లో దాన్నీ ఆపారు గాని, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. గర్భసంచి ఉన్నవాళ్లకు లోపలి పొర మందమై క్యాన్సర్‌గా మారకుండా ప్రొజెస్టెరాన్ తోడు కావాలి, తీసేసినవాళ్లకు సాధారణంగా ఆ అవసరం లేదు. అంటే మన పల్లెల్లో ఇంతమందికి సరిపోయే మందు, ఆ భయానికి అసలు కారణమైన మందు వేర్వేరు.

ఇది అందరికీ పంచిపెట్టే బిళ్ల కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవారికి, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవారికి మామూలుగా ఇవ్వరు. చర్మానికి రాసే జెల్‌, అంటించే ప్యాచ్‌లతో గడ్డకట్టే ముప్పు బిళ్లలకన్నా తక్కువ. యోనిలో మంట, పొడిబారడం మాత్రమే బాధిస్తే అక్కడ రాసే క్రీమ్ చాలు. యాభై ఏళ్లకు సహజంగా ముట్లుడిగి హాయిగా ఉన్నవారికి ఏదీ అక్కర్లేదు.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య మహిళ పథకాన్ని వంద కేంద్రాలతో మొదలుపెట్టింది. మంగళవారం ఆడవాళ్లకే ప్రత్యేకం. నెలసరి ఆగే దశలో అవసరమైనవారికి హార్మోన్ చికిత్స ఇస్తామని అప్పుడే చెప్పింది. ఆ మాట చర్ల, దుమ్ముగూడెం, గుండాల లాంటి మారుమూల మండలాల దాకా నడవాలి. సింగరేణి కార్మికుడి భార్యకు కొత్తగూడెంలో కంపెనీ ఆసుపత్రి ఉంది. గోదావరి అవతల కోయ గూడెంలో ఉన్న ఆమెకు మంగళవారమే దిక్కు. అక్కడికి వచ్చిన ప్రతి స్త్రీనీ 'గర్భసంచి తీశారా, ఏ వయసులో, అండాశయాలు ఉంచారా' అని అడగాలి. ఆ తర్వాత బీపీ చూసి, రొమ్ము పరీక్షించి, అవసరమైనవారికి మందు అక్కడే చేతికివ్వాలి.

మూడో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు. ఏం తీశారో వాళ్లకు చెప్పలేదు కాబట్టి. ఇకనుంచి ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద ఆ సంగతి తెలుగులో రాయాలి. పాత కాగితాలు వానకు తడిసి పోయినవారికి అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో తెలిపే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష దారి చూపుతుంది. ఆ నమూనా పీహెచ్‌సీ నుంచి కొత్తగూడెం డయాగ్నస్టిక్ హబ్‌కు వెళ్లే ఏర్పాటు చేస్తే, ఆమె కూలి పోగొట్టుకుని బస్సెక్కే పని తప్పుతుంది.